కింది శ్రుతి

ముందే చెప్తున్న, నా మాట ఎవ్వడూ ఒప్పుకోడు.
హమ్రియా యార్డుల పదకొండేండ్ల సంది గ్రైండర్ పడుతున్న,
లోహం అంటే ఏందో నాకు కొంచెం ఎరుకే.

క్యాసెట్లు నావి కావు.
నాకంటే ముందు ఆ పై బెడ్డు మీద పండుకున్న గోవా ఫిట్టరు అగ్నెలో
వీసా క్యాన్సిల్ అయిననాడు పరుపు కింద మరిచిపోయిండు.
పద్నాలుగు. రెండింటికి రీలు తెగి ఉండె, టేపు అంటించిన.
ఇంగ్లీషు నాకప్పుడు గేట్ పాసు మీద ఉన్నంతనే.
మొదటి రాత్రి అనుకున్న,
డ్యూటీ దిగినంక గూడ డ్యూటీ చప్పుడేనా అని.
నాలుగో రాత్రికి తెలిసింది, ఇది మా చప్పుడే,
కాకుంటే ఎవడో కూసోని వరుసల పెట్టిండు.

ఇగ వినుండ్రి.
డీప్ పర్పుల్‌ల గిటార్ గొప్ప అంటరు. కాదు, ఆ ఆర్గన్.
చర్చిల ఉండాల్సిన పెట్టెను తెచ్చి
బాయిలర్‌కు కలిపిండ్రు.

ఏసీ డీసీ జన్మంత ఒక్కటే పాట వాయించిండ్రని నవ్వుతరు.
మా మెస్సుల పప్పు గూడ అంతే.
శుక్రవారం బిర్యానీ తిని పప్పును తిట్టేటోడు
శనివారం ఏం తింటడో నేను చూసిన.

జుడాస్ ప్రీస్ట్ గొంతంటే
స్టెయిన్‌లెస్ మీద కొత్త డిస్కు ఆనిచ్చినప్పటి మొదటి సెకండు.
నాకైతే పండ్లు జివ్వుమంటయి.
వాళ్లు దాన్నే నాలుగు నిమిషాలు పట్టుకుంటరు.

ఐరన్ మెయిడెన్ మంచిగనే ఉరుకుతరు గని
చరిత్ర సారు లెక్క, బెల్లు కొట్టినా క్లాసు ఇడువరు.

లెడ్ జెపెలిన్ మీద క్రేను తుఫైల్‌తోని లొల్లి,
రెండు నెలలు మాటల్లేవు.
డ్రమ్ములాయన ఒక్కడే డ్యూటీకి వచ్చిండు,
మిగతోళ్లు మెడికల్ లీవు అన్న.
ఇప్పుడది తప్పనిపిస్తది. తుఫైల్‌కు చెప్పకుండ్రి.

జుట్టుకు స్ప్రే కొట్టుకున్నోళ్లవి మూడుండె.
వాటి మీద హిందీ పాటలు నింపించిన. పాపం అనుకోలే.

ఇగ బ్లాక్ సబ్బత్.
ఆ గిటారాయన గూడ రేకుల ఫ్యాక్టరీల పనిజేసిండట,
మిషన్ల రెండు వేళ్ల కొసలు పోయినయట.
ప్లాస్టిక్ సీసా కరగబెట్టి టోపీలు చేసి తొడుక్కొని,
తీగలు నొస్తుంటే వదులు చేసుకుంట పోతే
శ్రుతి కిందికి దిగిందట.
ఈ ముచ్చట విన్నంకనే ఆ మెల్లనడక సమజయింది.
దెబ్బ తాకిన చెయ్యి ఉరుకది,
చూసి చూసి పెడతది.

మా రాజలింగుకు షేరింగ్ మిషన్ల పోయినయి.
అవే రెండు వేళ్లు, అదే కుడి చెయ్యి.
దవాఖానల పక్కన కూసోని ఈ కథ చెప్పిన.
ధైర్యం వస్తదనుకున్న.
కట్టు దిక్కు చూసుకుంట అన్నడు,
"ఆయన వాపసు పోయెటందుకు గిటార్ ఉండె.
నేను దేనికి పోవాల్నే?"
ఇయర్‌ఫోను చుట్టి జేబుల పెట్టుకున్న.
అదే వారం టికెట్ ఇచ్చి పంపిండ్రు.
పైసలెంతిచ్చిండ్రో ఆయన చెప్పలే, నేను అడగలే.

అయినా నా లెక్కల మొదటి నంబరు వాళ్లదే.
కథ కోసం కాదు. కథ మీద నాకిప్పుడు కొంచెం కోపం.

మొన్న ఫోన్ చేసిండు.
మెట్‌పల్లిల టెంట్ హౌస్ల సౌండు బాక్సులు చూసుకుంటుండట.
ఎనుక ఎవరిదో పెండ్లి, పాటలింకా మొదలు కాలే.
"ఒక్క నిమిషం ఆగు" అని మైకు మీద కొట్టిండు.
అది వేలు చప్పుడు కాదు.
సీసా మూత చప్పుడు,
టక్, టక్.

నేనేం అడగలే.
"బేస్ కొంచెం పెంచు" అన్న.
"నువ్వేంది నాకు చెప్పేది" అన్నడు,
పెంచిండు.