పనికి ముందు

మార్చి ముప్పయ్యొకటి, రాత్రి తొమ్మిదిన్నర.
మర్రిగూడ మండలాఫీసుల
నలుగురు పంచాయతీ కార్యదర్శులం, ఒక్క ప్రింటరు.
తెర మీద చక్రం తిరుగుతనే ఉంది,
బోరు ఎండినంక కూడ తిరిగే మోటరు లెక్క.

వినియోగ పత్రం ఎక్కకుంటే
వచ్చే కిస్తు రాదు.
ఢిల్లీ నుంచి హైద్రాబాదు, అక్కడ్నుంచి నల్లగొండ,
నల్లగొండ నుంచి మా గుట్టల సందుకు
పైసలు దిగొచ్చిన తొవ్వెంటే
కాగితం మళ్ల పైకెక్కాలె.
పైసలు ఆగిన ప్రతి మెట్టు కాడ
కాగితం గూడ కూసుంటది, ఆయాసపడుతది.

నాది చిన్న కాగితమే.
రేగులకుంట తండా. తాగునీళ్లు. బోరు మోటరు మరమ్మతు.
నలభై ఆరు వేల మూడు వందలు.
తాగునీళ్లకని పేరు రాసి పంపిన పైసలు
వీధిలైటుకు వాడరాదు, రోడ్డు గుంతకు వాడరాదు,
కట్టేసిన బర్రె లెక్క
గుంజ చుట్టే మెయ్యాలె.

మోటరు కాలింది పోయిన ఏప్రిల్ల.
ఎనిమిది వందల అడుగుల లోతుకెల్లి
పైపులు గుంజినోళ్లు పదకొండు మంది.
క్లాంపు జారి తాడు ఉరికినప్పుడు
పంపు ఆపరేటర్ లచ్చిరాం
రెండు చేతులేసి ఆపిండు.
అరచేతుల తోలు తాడుకే అంటుకున్నది.
చండూరు మెకానిక్ బీడీకట్ట అట్ట మీద
గీసిచ్చిన లెక్కకు
అసలు బిల్లు తెచ్చుకునేసరికి
నాయి రెండు ఆదివారాలు పోయినయ్.

సర్పంచ్ నేనావత్ దేవ్లి
తన డిజిటల్ సంతకాన్ని
రవికెలోపలి సంచిల దాస్తది,
వక్కలు, తంబాకు, మనుమరాలి తాయెత్తు పక్కన.
తీసిచ్చినప్పుడల్లా అడుగుతది:
"ఇది గుచ్చితే నేనొచ్చినట్టేనా సారూ?"
వచ్చినట్టే, అంటాను.
"మరి నేనెందుకు?"

అన్నీ ఎక్కినయ్. ఒక్క గడి ఎర్రగ మిగిలింది:
పనికి ముందు ఫోటో.

పనికి ముందు ఎవలు తీస్తరు ఫోటో?
అప్పుడు అందరి చేతులు తాడు మీదున్నయ్.

అందుకే మొన్న బుధవారం తండాకు పోయిన.
వాల్వు కట్టెయ్యమన్న. నల్లా ఆగింది.
ఖాళీ బిందెలు వరుస పెట్టుమన్న.
నిలబడుండ్రి, నవ్వకుండ్రి, అన్న.
నవ్విన్రు. ఎట్ల నవ్వకుంటరు?
సోమ్లి అవ్వ మాత్రం నవ్వలే.
వంకర మోకాళ్లు, పండ్ల మీద గోధుమ రంగు చారలు,
పాత బోరు రాసిపోయిన రిపోర్టు అది,
యాభై ఏండ్లాయె, ఏడ ఎక్కలే.
తన బిందె తీస్కొని పక్కకు జరిగింది.
"నీళ్లు లేనప్పుడు నువ్వు రాలే.
వచ్చినంక లేనట్టు నిలబడుమంటివి.
నిలబడుడు మాకు కొత్త గాదు బిడ్డా,
ఉత్తగ నిలబడుడే కొత్త."

ఫోను దించిన.
వాల్వు ఇప్పమన్న.
పిడికిలి ముడవరాక లచ్చిరాం
మణికట్లతోని తిప్పిండు.
ఆ చేతుల్ని తీసిన.
అక్షాంశం, రేఖాంశం, తారీఖు, టైము
కింద పచ్చగ పడ్డయ్.

గిప్పుడు ఎర్ర గడిల ఆ చేతులే పెట్టిన.
అదేంది ఇదేంది అని అడగలే.
సైజు తగ్గించుమన్నది, అంతే.
తగ్గించిన. రెండు అరచేతులు
రెండు వందల కేబీలకు దిగినయ్.

మిగులు: పదిహేడు రూపాయలు.
కారణం రాయమంటది.
ఆ పొద్దు పదకొండు మందికి చాయలు
నా జేబుల నుంచే పోయినయ్, అవి ఏ పద్దుకూ రావు.
ఈ పదిహేడు ఎక్కడ మిగిలినయో
నాకే ఎరుక లేదు.
చాలాసేపు ఆలోచించి
"చిల్లర" అని రాసిన.

పక్క కుర్చీల సుహాసిని మేడం
కీబోర్డు మీద తలపెట్టి పండుకున్నది.
ఆమె తెర నిండ ఒకటే అక్షరం
వరుసలు వరుసలుగ పడుతున్నది.
లేపాల్నా వద్దా అని చూసిన, లేపిన.

పదకొండు యాభై రెండుకు నంబరొచ్చింది.
చేతి మీద రాసుకున్న, కాగితం దొరక్క.

బండి స్టార్ట్ చేస్తుంటే జేబుల తగిలింది
దేవ్లి సంతకం, తంబాకు వాసనతోని.
తెల్లారి ఇచ్చిరావాలె.
రాత్రి నేనేడికి పోయిన సారూ, అని అడిగితే
ఏం జెప్పాలె.