రెండు వేళ్ల సందు

కోఠి చెవి దవాఖానల డాక్టరమ్మ
చీటీ వెనక నత్తగుల్ల బొమ్మ గీసింది.
"దీంట్లో కాసిన్ని నీళ్లుంటాయి పెంటయ్యా,
నువ్వు నిటారుగా ఉన్నావో లేదో
అవే నీకు చెప్తాయి."

మా బావ నవ్విండు.
"నలభై ఏండ్ల సంది నీళ్ల మీదున్న.
ఆఖరికి నా లోపలి నీళ్లే నన్ను ముంచబట్టె."

ఆ వానకాలం హిమాయత్‌సాగర్ల రెండుసార్లు పడ్డడు.
మొదటిసారి వల పోయింది.
రెండోసారి వల దొరికింది గాని
పడవ ఎక్క చాతగాక, అంచు పట్టుకొని
రింగురోడ్డు దీపాలు వెలిగేదాంక వేలాడిండు.

మా అక్క అండాలు ఫోన్ల ఏడ్వలేదు.
"పైపుల పనోనివి గదరా, ఏదన్న చెయ్" అన్నది.

నేను నీళ్లను గోడల్ల దాచెటోణ్ని.
నార్సింగిల ముప్పై రెండో అంతస్తు దాంక ఎక్కించినోణ్ని.
పైపంటే నీళ్లు లోపలుండాలె.
ఇదేమో తిరకాసు పని,
నీళ్లన్ని బయట, లోపల ఉత్త గాలి.

సైటుల మిగిలిన ఆరించుల పైపు, చెరి ఐదు ఫీట్లు.
మూతలు రాణిగంజ్‌ల కొన్న.
అడ్డం కట్టెతందుకు కిస్మత్‌పూర్ షామియానాలాయన
జంగువట్టిన గొట్టాలు రెండిచ్చిండు,
ఎన్ని పెండ్లిండ్లు మోసినయో.
తాడైతే నాని వదులైతదని
స్కూటర్ ట్యూబు పట్టీలుగ కోసి బిగించిన.

గంట తిరగకముందే ఎడమ పైపు తాగింది.
మూత కాడ గం ఆరలేదు.
పడవ కల్లు కాంపౌండ్ల నుంచి వచ్చినట్టు ఒరిగింది.
ఒడ్డు మీది పోరగాళ్లు చప్పట్లు కొట్టిన్రు.
"బామ్మర్ది నన్ను చంపెతందుకు
పైసలు సుత పెట్టుకుండు" అన్నడు బావ.

అక్క ఫంక్షన్‌హాల్ వెనక తిరిగి
రెండు సంచుల ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకొచ్చింది.
ఒక్కోదానికి మూత బిగించి పైపుల దోపినం.
ఒకటి పగిలినా
తక్కినయి ఊపిరి పట్టుకుంటయి.
ఈసారి మరల మూతలు పెట్టిన.

నీళ్లకు ఆనించి కట్టిన, రెండు దిక్కులా.
పడవ కదల్లేదు. మెదల్లేదు.
బావ తెడ్డు పక్కన పెట్టి అన్నడు:
"ఇది పడవ గాదు, దవాఖాన మంచం.
జర లేపు."
లేపిన.
"ఇంకా."
వేళ్లు పెట్టి చూపిచ్చిండు, రెండు వేళ్ల సందు.

అప్పుడు తెలిసింది నాకు.
తిన్నగ పోయేటప్పుడు రెండు పైపులూ గాలిల ఉంటయి,
ఎవ్వర్నీ అడగవు.
ఒరిగిననాడు, ఒరిగిన దిక్కు ఉన్నదే
వంగి నీళ్లను తాకి
ఇగ చాలు అంటది.
ఈ ముచ్చట ఇంటికాడ పదిమందికి చెప్పుకున్న.

నాలుగో రోజు పొయ్యి చూస్తే కుడి పైపు లేదు.
"వల ఇసిరే చెయ్యి అది. తట్టుకుంటుంది, ఇప్పిన."
ఎడమదాని మూత తిప్పి చూపిచ్చిండు:
సగం సీసాలల్ల నా గాలి లేదు,
చెరువు ఇసుక.
"ఒంటి చెయ్యికి బరువుండాలె బామ్మర్దీ,
లేకుంటే అది లేస్తది, నేను పడత."
రెండు వేళ్ల సందు పోయింది.
ఇప్పుడది నీళ్లను రాసుకుంటనే పోతది,
వెనక ఒక గీత వదులుకుంట.

నాకు కోపమొచ్చింది.
సంచిలకెళ్లి రసమట్టం తీసి పలక మీద పెట్టిన.
బుడగ ఒక మూలకు ఉరికింది, మల్ల రెండో మూలకు.
"సూడు" అన్న.

బావ బుడగ మీద బొటనవేలు పెట్టి మూసిండు.
"దాన్ని సూస్తే నాకు తిరుగుతది.
అవతలి ఒడ్డు సూడు."

చూసిన. కరెంటు స్తంభం ఒకటి,
దాని కింద ఎవలో బర్రెను కడుగుతున్నరు.
మేం అటు దిక్కే పోయినం,
కొద్దిగ ఎడమకు ఒరిగి.