ఏడికెల్లి

పుస్తెలతాడు ఆనే చోట, ఎడమ పక్క,
రేగు గింజంత గడ్డ.
బట్టలు పిండి మెడ తుడుచుకుంటుంటే వేలికి తగిలిందట.
నొప్పి లేదు. అందుకే నాలుగు నెలలు ఊకున్నది.

హన్మకొండ ల్యాబుల నా చేతికొచ్చేసరికి
ఓదెమ్మ అంటే ఒక మైనపు దిమ్మ,
అంచు మీద పెన్సిలు అంకె: పదకొండు వందల ఆరు.
ఉల్లిపొర కన్న పల్చగ కోసి
గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి
గాజుపలక మీదికి ఎత్తుకున్న.
మేడం కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
"వచ్చిన చుట్టం, ఇంటిది కాదు" అన్నది.
అంటే మెడల పుట్టలేదు. ఎక్కడనో పుట్టి
ఇక్కడ కాపురం పెట్టింది.

ఎక్కడ?

స్కాను తల నుంచి తొడల దాక వెతికింది.
గొట్టం గొంతుల దిగి కడుపును చూసొచ్చింది.
రొమ్ములు రెండు పలకల నడుమ నొక్కించుకొని
"గింత వయసుల గిదేం కత" అని సిగ్గుపడ్డదట.
అన్ని కాయితాల మీద ఒకటే మాట: ఏమీ లేదు.
ఏమీ లేదన్న మాటకు మనిషి
గంత భయపడుడు నేనెప్పుడూ చూడలే.

ఇగ కణాన్నే అడిగినం, రంగులతోని.
ఒక్కో పలక మీద ఒక్కో ప్రశ్న, ఒక్కో బొట్టు.
ఊపిరితిత్తులదానివా? గోధుమరంగు ఎక్కలే.
రొమ్ముదానివా? ఎక్కలే.
పేగుదానివా?
నీలంగనే కూసున్నది, బడిల మాట్లాడని పిల్ల లెక్క.
ఒక్కదానికి మాత్రం తల ఊపింది.
అదేమో పది ఊర్లల్ల ఉండే ఇంటిపేరు.

రిపోర్టు టైపు చేసేది నేనే.
మూలస్థానం అన్న కాడ కర్సరు
కొట్టుకుంటనే ఉన్నది.
"తెలియదు" అని కొట్టిన.
పన్నెండేండ్ల నౌకరిల ఆ మాట కొత్త కాదు,
కాని కాయితం తీస్కపోను ఆమెనే వచ్చింది,
ఒక సంచిల ఎక్స్‌రేలు, ఇంకో సంచిల చింతచిగురు.

"ఏడికెల్లి వచ్చింది బిడ్డా?"
దొరకలేదవ్వా.
"బొగ్గు దుమ్ముదా? నేను నమిలిన తంబాకుదా?
మా అత్త పెట్టిన శాపమా?"
చెప్పలేం.
"మరి నేను దేన్ని తిట్టుకోవాలె?"

నేను కీబోర్డు దిక్కు చూసిన.
ఆమె నవ్వింది, ముందటి పండ్లు లేని నవ్వు.
"మా ఊరు గూడ గంతే. భూపాలపల్లి అవతల.
ఓపెన్‌కాస్టుల పోయింది.
నా పొయ్యి ఉన్న జాగ ఇప్పుడు
నాలుగు తాటిచెట్ల లోతు.
ఆధార్ల మాత్రం ఉన్నది ఊరు, బ్యాంకోడు అడిగితె గదే చెప్త.
ఊరు లేకున్నా నేనున్న గద.
దీన్ది గూడ పుట్టిన జాగ పోయింటది,
ఇది మిగిలింటది."
నిరుడు సదస్సుల ఒక పెద్ద డాక్టరు
ఇదే ముచ్చట గంటసేపు చెప్పిండు, తెర మీద బొమ్మలేసి.

ఊరు తెల్వకున్నా మందున్నది,
పోలికలు చూసి ఇస్తరు.
తగ్గుతదా అంటే అది ఎంజీఎం డాక్టర్లు చెప్పాలె,
నేను చెప్పొద్దు. చెప్పలే.

"దిమ్మను పారేయం అవ్వా. అల్మారల మూడో అర.
రేపెప్పుడన్న కొత్త రంగొస్తే మల్ల అడుగుతం."
"పైలంగ పెట్టు" అన్నది,
"ఎవలన్న అడిగితె గదే నా అడ్రసు అను."

గుప్పెడు చింతచిగురు నా బల్ల మీద పోసి
ఐదింటి పరకాల బస్సుకు ఉరికింది.

రాత్రి పప్పుల వేసుకున్నం.
ఏ చెట్టుదో నేను అడగలే.