ఆరుద్ర డయల్

కాజీపేట గార్డు ఏసుపాదం సార్
రిటైరైన పైసల్లకెల్లి ఒక గడియారం కొన్నడు.
భీమారంల ప్లాటు రాకపోయినా
ప్లాటుకు బయానా కట్టేంత సొమ్ము.
ఇంట్ల ధర చెప్పలే.
నాకు చెప్పిండు, చెప్పి నీళ్లు తాగిండు.

జపానుది.
వాళ్లు ఏడాదిని ఇరవై నాలుగు ముక్కలు చేస్తరట,
ఒక్కో ముక్కకు ఒక్కో డయల్.
చెర్రీ పూలు రాలి నీళ్ల మీద తేలే పూటకు ఒకటి,
వెన్నెల్ల రెల్లు ఊగే రాత్రికి ఒకటి.
సార్ తెచ్చుకున్నది మంచుది.

మండీబజార్ల నా కొట్టు, అయిదడుగుల వెడల్పు.
ముప్పై ఏండ్లు ఇక్కడ నేను విప్పినవన్నీ
చెమట తాగిన గడియారాలే.
మిర్చి యార్డు హమాలీది విప్పితే
మూత కింద ఎర్ర దుమ్ము, నాకు తుమ్ములు.
సార్ గడియారం నేను విప్పేది కాదు.
దానికి నా స్క్రూడ్రైవర్ పనికిరాదు,
నా కన్ను పనికొస్తది.
"చూడు జహంగీర్" అని చేతుల పెడ్తడు,
పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టుమన్నట్టు.

భూతద్దం బిగించి చూస్తే
తెలుపు మీద గాలి నడిచిన జాడలు.
మంచు నేనెన్నడూ చూడలే.
ఎనుమాముల యార్డుల జనవరి పొద్దున
పత్తి కుప్ప మీద చెయ్యేసి నిమిరిన,
అదే అనుకున్న.
సార్ కూడ చూడలే.
బల్లార్షా దాకా గూడ్సు వెనుక డబ్బల
ముప్పై నాలుగేండ్లు పోయి వచ్చినోనికి
బొగ్గు వ్యాగన్ల మీది వెన్నెలే మంచు.

ముల్లు చూడు, అంటడు.
సెకన్ల ముల్లు టిక్కుమనదు.
జారుతది.
నా కొట్టుల ఇన్ని చప్పుళ్ల నడుమ
ఒక్కటే ఊపిరి బిగబట్టినట్టు.
"చివరి పెట్టెల కూసుంటే
పట్టాలు ఇట్లనే వెనుకకు పొయ్యేటివి."
ఒక్కసారే అన్నడు. మల్ల అనలే.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ.
కరెంటు పోయింది, తారు రోడ్డు మెత్తబడ్డది.
చెరొక స్టూలు మీద కూసొని
రూపాయి బిళ్లంత చలికాలాన్ని
మార్చి మార్చి చూసుకున్నం.
చెప్తే నవ్వుతరు గాని
మెడ మీద చెమట కొంచెం ఆరింది.

"వాళ్లకు ఇరవై నాలుగైతే
మనకు ఇరవై ఏడు కార్తెలాయె,
మనకెవడు చేస్తడు?"
ఊరికెనే అన్న. సార్ జవాబియ్యలే.

మృగశిర చేపల పులుసు వాసనతోని పోయింది.
ఆరుద్రల రెండో వాన కొట్టిన తెల్లారి
ధర్మసాగర్ దిక్కుకెల్లి అగ్గిపెట్టె తెచ్చిండు.
తెరిస్తే ఒక్క పురుగు.
కుంకుమను మఖమల్ల ముంచి తీసినట్టు.
తెల్లకాయితం మీద వదిలినం.
భూతద్దం కింద కదిలింది.
కాళ్లు కనవడయి, చప్పుడు లేదు,
జారుతది.

ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.

ఆ పగటీలి జపానుకు ఉత్తరం రాసినం,
ఇంగ్లీషు నాది, దస్తూరి గార్డుది.
అయ్యా, మా దిక్కు వాన పడ్డంక
నేలల నుంచి ఒక రంగు బయటికొస్తది.
పది పదిహేను రోజులే ఉంటది.
పిల్లలు అరచేతుల మీద నడిపిచ్చుకుంటరు,
గట్టిగ ముట్టుకుంటే ముడుచుకుంటది.
ఇసొంటి ఎరుపుకు మీ తాన పనోళ్లున్నరా?
ధర కూడ అడుగుదామా అంటే
సార్ వద్దన్నడు, "ముందు చెయ్యనీ."

పురుగును రోడ్డవతల
మున్సిపాలిటోళ్లు తవ్విన గుంత మట్టిల
వంగి వదిలిపెట్టి వచ్చిండు, ప్యాంటు తడుపుకొని.

ఉత్తరం ఇంకా నా సొరుగులనే ఉన్నది,
తెగిన స్ప్రింగుల కింద.
స్టాంపు ఎంతది అంటియ్యాల్నో
పోస్టాఫీసుల మనిషికో లెక్క చెప్తరు.

ఐతారం సార్ వస్తడు,
మణికట్టు మీద మంచు.
ఆయన అడగడు, నేను చెప్ప.
భూతద్దం తుడిచి ఇస్త.