గోడ మందం

జనవరి చలిలో ఒక రాత్రి
రాప్తాడు దాటాక ఉన్న మా షెడ్డులో
పైపు గోడని
మిల్లీమీటరులో పదో వంతు తగ్గించాం.
తగ్గించింది యంత్రమే.
యంత్రానికి ఆ అంకె చెప్పింది నేను.

ఆ సాయంత్రమే బొంబాయి నించి ఫోను.
మంచి మనిషి, మెత్తటి గొంతు.
"ఈ మూణ్ణెల్లు ఎట్లా ఉంటాయండీ?" అన్నాడు.
పైపు ఎన్నేళ్లు ఉంటుందని అడగలేదు.
ఆయన్నొక్కణ్ణే అనడానికి లేదు,
ఆయన్నీ ఎవరో
మూణ్ణెల్లకోసారి తక్కెట్లో కూచోబెడుతుంటారు.

మార్చి లెక్క బాగా వచ్చింది.
షేరు నూట పద్దెనిమిది నించి
నూట నలభై రెండుకి దూకింది.
క్యాంటీన్లో ఓళిగలు, నెయ్యి.
నాకు బోనసు, ఇంట్లోకి కొత్త ఫ్రిజ్జి.
మూసినప్పుడల్లా దాని తలుపు
ఏమీ జరగనట్టు
మెత్తగా అతుక్కునేది.

మూడో ఎండాకాలం దాటింది.
సాయినగర్ కల్యాణ మండపంలో వాటాదారుల సమావేశం.
ఎవరిదో పెళ్లి, నిన్నటి బంతిపూలు
ఇంకా స్తంభాలకే ఉన్నాయి.
ఉగ్గాని బజ్జీ అయిపోయాక
మిగిలింది ఏడుగురు.
ఎనిమిదోవాడు అప్పుడొచ్చాడు,
నార్పల కుళ్లాయప్ప.
గేటు దగ్గర ఆపితే
ఫోన్లో ఇరవై షేర్లు చూపించాడట.

సంచిలోంచి పైపు ముక్క తీశాడు.
నిలువునా చీలి ఉంది.
నా బ్యాలెన్స్ షీటు మీదే పెట్టాడు.
లోపలి నించి చిటికెడు ఎర్రమట్టి రాలి
'నికర లాభం' అన్న అక్షరాల మీద పడింది.

"అరిసేదానికి రాలే సారూ.
నా చీనీ చెట్లు పెట్టి తొమ్మిదేండ్లు.
అయిదో యేటి దాకా ఒక్క కాయ లేదు.
నీళ్లు పెడతానే ఉంటి.
ఏర్లు యాడిదాకా పోయినాయో సూద్దామని
వారానికోపారి చెట్టు పెరికి సూళ్లే.
ఏప్రిల్లో మీ పైపు పగిలె.
నేను ఆస్పత్రిలో ఉంటి, పది దినాలు.
డెబ్బై చెట్లు ఎండిపాయ.
మీ పైపు కొన్నోణ్ణి నేనే,
మీ కంపెనీలో వాటా ఉన్నోణ్ణీ నేనే.
ఆ పొద్దు షేరు పెరిగిందని సంబరపడినోణ్ణీ నేనే.
గోడ ఇంత సాలని
మీకు ఎవురు సెప్పినారు?"

మైకు చేతులు మారుతూ మారుతూ
నా దగ్గర ఆగింది.
కుర్చీలో వసుంధర మేడం
కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.
నేను, అన్నాను.
మైకు కీచుమంది. మళ్లీ అన్నాను.

నన్ను తీసేస్తారనుకున్నా.
కూచోబెట్టి ఉత్తరం రాయించింది.
మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి ఇట్లా:
'వచ్చే మూణ్ణెల్ల జోస్యం ఇకమీద చెప్పం.
పదేళ్ల కింద వేసిన మా పైపుల్లో
ఇంకా ఎన్నిట్లో నీళ్లు పారుతున్నాయో
ఏటేటా లెక్క చెబుతాం.
మాతో కలిసి అది లెక్కపెట్టేవాళ్లు ఉండండి.
వెళ్లేవాళ్ల మీద కోపం లేదు.'

వెళ్లారు.
మెత్తటి గొంతాయన మొదట వెళ్లాడు.
షేరు ఎనభై తొమ్మిది.
ఆ యేడు బోనసు లేదు, ఓళిగలు లేవు.
పాత గోడకి పదో వంతు తిరిగొచ్చింది,
దాని మీద ఇంకో పదో వంతు.
పగిలిన ప్రతి తోటకీ కొత్త పైపు, మా ఖర్చు.
ఆ ఖర్చు రాసేటప్పుడు
నా చెయ్యి వణికిందని ఒప్పుకుంటా.
ఇరవయ్యారేళ్ల అలవాటు.

ఇప్పుడు మే నెలలో తోటలు తిరుగుతా,
జేబులో కొలబద్ద.
కుళ్లాయప్ప చేన్లో డెబ్బై గుంతలు,
డెబ్బై లేత మొక్కలు, మోకాలెత్తు.
"షేర్లు అమ్మలేదా?" అన్నా.
"అమ్మేదానికి పాస్‌వర్డు మా పాపకే తెల్సు,
అది హాస్టల్లో ఉండాది" అని నవ్వినాడు.
చెట్లు పోయిన సంగతి
ఆ నవ్వులో పోలేదు.

నేల మీద మోకాళ్లూని
పైపు గోడని రెండు వేళ్ల మధ్య నొక్కి చూశా.
వేలి కింద నీళ్లు నడుస్తున్నాయి.
కాయకి ఇంకా నాలుగు ఎండాకాలాలు.
నోటుబుక్కులో అంకె రాసుకొని
పక్క సాలుకి జరిగా.