రాత్రి షిఫ్టు వారం

పొద్దున ఎనిమిదింటికి
గని బస్సు వెనాన్సియోని కలామాలో మా వీధి మలుపున దింపేస్తుంది.
బూట్లనిండా రాగిరాతి ధూళి.
పడకగది కిటికీకి అల్యూమినియం కాగితం అంటించాను,
దానిమీద దుప్పటి, ఆ దుప్పటిమీద ఇంకోటి.
అటకామా ఎండ మామూలుది కాదు,
మేకు దిగిన చిల్లు దొరికితే చాలు
సూదై వచ్చి రెప్పని పొడుస్తుంది.

గ్యాస్ బండలవాడు ఇనపకడ్డీతో
టంగుటంగున వాయించుకుంటూ వస్తే
వీధి చివరికే ఎదురెళ్తాను.
"ఈ వారం మా గుమ్మం ముందు వద్దు నాయనా."
అతనికి అలవాటే. ఈ వీధిలో సగం ఇళ్ళు
పట్టపగలు అర్ధరాత్రిని దాచుకున్నవే.

అయినా నిద్ర నాలుగు గంటలు దాటదు.
లేచి కూర్చుంటాడు, ముఖం ఉబ్బిపోయి,
ఎవరో తప్పు స్టేషన్లో దింపేసినట్టు.
సూప్ పెడితే చెంచా తిప్పుతూ
"నేను లేచాను గానీ కడుపింకా లేవలేదు" అంటాడు.

గని డాక్టరమ్మ బొమ్మ వేసి చెప్పిందట:
తలలో పెద్ద గడియారం, అది వెలుగు మాటే వింటుంది.
కాలేయంలో, పేగుల్లో చిన్నవి,
వాటికి తిండివేళే పొద్దు.
ఇప్పుడు ఒకదానికొకటి పొత్తు కుదరడం లేదు.
"మరి నేనెవరి మాట వినను?" అన్నాడట.
నవ్వబోయి ఆవులించిందట ఆమె.
ఆమెదీ ఆ వారం రాత్రి షిఫ్టే.

తెల్లవారుజాము నాలుగింటికి ఒళ్ళు చల్లబడుతుందట.
వెనక మూడొందల టన్నుల రాయి,
ముందు గనిలోకి దిగే వంపు,
అప్పుడొక రెప్ప బరువెక్కితే
అంతకుమించి చెప్పడు.
నిమ్మ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకున్నానంటాడు,
రేడియోలో కోల్కే చెప్పిన పాత జోకే మళ్ళీ చెబుతాడు.

తరవాత ఏడు రోజులు సెలవు.
అందరిలాగే పక్కమీద వాలతాడు.
మూడింటికి పెరట్లో చీపురు చప్పుడు.
ఒకసారి లేచి చూద్దును కదా,
తలుపు బందులకు నూనె రాస్తున్నాడు, దొంగలా.
ఐదో రోజుకో ఆరో రోజుకో
ఒళ్ళు ఇల్లు చేరుతుంది.
అంతలో మళ్ళీ బస్సు.

ఇవాళ అతను పైన గనిలో ఉన్నాడు.
కుక్క కూడా నిద్రపోతోంది.
మూడున్నరకి నాకు మెలకువొచ్చింది.
ఎవరూ లేపలేదు.
నూనె రాసిన తలుపు చప్పుడు చెయ్యలేదు.
కడుపులో సన్నగా ఆకలి.
వంటగదిలో లైటు వేసి
రొట్టెమీద అవకాడో రాసుకుంటూ బయటికి చూశాను.

ఎదురింటి ఎర్మినియా వంటగదిలోనూ లైటు.
వాళ్ళాయనదీ అదే బస్సు.