నీళ్లు దించే వారం

అక్టోబరు ఆఖరి సోమవారం
ఆనకట్ట మీది ఇనుప చక్రాన్ని
టీగ్ ఇరవై రెండు చుట్లు తిప్పుతాడు.
ఇరవై మూడో చుట్టుకి అది కీచుమంటుంది.
కోల్టర్ కొండ కింద సరస్సు
ఎవరో మెల్లగా దుప్పటి లాగినట్టు
ఒడ్డు నుంచి వెనక్కి జరగడం మొదలెడుతుంది.

నేను పడవల షెడ్డు మనిషిని.
చార్ల్స్‌టన్ నుంచి, హంటింగ్టన్ నుంచి
ఐసుపెట్టెలతో కార్లు దిగే మూడు నెలలూ
ఆ కిటికీ నా రాజ్యం.
డ్రైవింగ్ లైసెన్సు తాకట్టు పెట్టుకుని పడవ ఇవ్వడం,
జాకెట్ బకిల్ టక్కుమనేదాకా
పిల్లల్ని రేవు చెక్కల మీద అడుగు పెట్టనివ్వకపోవడం,
పద్నాలుగో నంబరు పడవ కారుతుందని ఒప్పుకోకుండానే
దాన్నెప్పుడూ వరసలో చివరికి నెట్టేయడం.

ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.
నాకు ఈత రాదు.
పదిహేడు వేసవులు, మోకాలు దాటి తడవలేదు.
నీళ్ల మధ్య తేలే ఆ చెక్క తెప్ప,
పిల్లలు ఎక్కి దూకి, ఎక్కి దూకే తెప్ప,
నాకు చంద్రుడంత దూరం.

గురువారానికి బురద తేలింది.
రబ్బరు బూట్లు వేసుకుని, చెరో బకెట్టు పట్టుకుని
నేనూ టీగూ వేసవిని ఏరడానికి దిగాం.
చలవ కళ్లద్దాలు ముప్ఫై ఒకటి.
చెప్పులు, అన్నీ ఒంటివే, ఎందుకో ఎడమకాలివే ఎక్కువ.
మునిగిన మొద్దుకి చిక్కుకున్న గాలపు ఎరలు
పెళ్లికి ముస్తాబైన ముసలమ్మ చెవుల్లా.
కాఫీ డబ్బాలో సిమెంటు పోసి ఎవరో చేసుకున్న లంగరు.
జూలైలో తుమ్మితే నీళ్లలో పడిపోయిన
వెర్లిన్ స్టాంపర్ పైవరస పళ్లు,
ఇంకా నవ్వుతూనే.

టీగ్‌తో నాకు మాటల్లేవు. చెంచాల దగ్గర.
కాఫీ బల్ల మీద జూన్‌లో పన్నెండు పెట్టాను,
ఆగస్టుకి మూడు.
"షెడ్డు తాళం నీ దగ్గరా నా దగ్గరే కదా ఉండేది" అన్నాను.
అతను టోపీ తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.
ఆ రోజు నుంచి కాఫీని పెన్నుతో కలుపుకునేవాడు,
నా ఎదురుగానే.

తెప్ప ఇప్పుడు బురద మీద ఓ పక్కకి ఒరిగి
ఎద్దులు విప్పేసిన బండిలా ఉంది.
నడిచి వెళ్లాను దాని దగ్గరికి,
అంత దూరం, నా కాళ్లతో.
నా తల మీద పన్నెండడుగుల ఎత్తున
జూలై నెల పాదాలు ఇంకా తన్నుకుంటున్నట్టే ఉంది.

తెప్ప నీడ పడే చోట ఏదో మెరిసింది.
చెంచా.
పక్కనే ఇంకోటి, నిలువుగా గుచ్చుకుని.
వేళ్లతో తవ్వితే ఇంకోటి.
తొమ్మిది.

కాఫీ తాగే వయసు కాని రాయిస్
రోజూ ఆ బల్ల చుట్టూ ఎందుకు తిరిగాడో
అప్పుడు అర్థమైంది.
చెంచా విసిరి, అది తెల్లగా దొర్లుతూ దిగుతుంటే
వెనకాలే దూకి
అడుగు చేరకముందే అందుకోవడం. అదీ ఆట.
అందినవి బల్ల మీదికి తిరిగొచ్చాయి కాబోలు,
కాస్త ఇసకతో. తిట్టుకుంటూ కడిగింది నేనే.
ఇవి అందనివి.
ఊపిరి చాలక వదిలేసినవి.

తెప్ప ఎక్కి కూచున్నాను.
ఇక్కణ్ణుంచి నా షెడ్డు అగ్గిపెట్టంత.
దాని కిటికీలో నేనెంత కనబడి ఉంటాను,
ఈల ఊదుతూ, చేతులు ఊపుతూ,
టైమైంది, రండి, రండి అని అరుస్తూ.
వాళ్లకి వినబడదేమో అనుకునేదాన్ని.
ఇంత దూరాన వినబడనట్టు ఉండటం
ఎంత హాయో.

టీగ్ కింద నుంచుని బకెట్టు చాచాడు.
ఒక్కొక్కటే వేశాను, తొమ్మిది చప్పుళ్లు.
సారీ అనలేదు నేను.
అతను ఒకటి తీసి, ప్యాంటుకి తుడిచి,
చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాడు.

మార్చిలో గేటు మూస్తాం. కొండ మీది మంచు వచ్చి నింపుతుంది.
నిన్న దుకాణంలో ఇరవై నాలుగు చెంచాల పెట్టె చూశాను,
పల్చటివి, బాగా మెరిసేవి,
కాఫీకి అసలు పనికిరానివి.
కొన్నాను.